రెండు బల్బుల ల్యాంపు

నవంబరు 4, సోమవారం

ఇంట్లో కూర్చుని నేటికి ఐదు రోజులు. సస్పెన్షన్ కాగితంలో "తదుపరి ఉత్తర్వుల వరకు" అని ఉంది. ఎంక్వైరీ 28న. గడ్డపోతారం కంపెనీలో చేరిన ఇరవై తొమ్మిదేళ్లలో ఇన్ని రోజులు వరుసగా ఇంట్లో ఉన్నది లేదు. నా సంగతి అటుంచి, మొగులమ్మకు అప్పుడే విసుగొచ్చింది. "నిలబడితే అడ్డం, కూసుంటే అడ్డం. గా బస్సు నిన్ను మళ్ల ఎప్పుడు తీస్కపోతదో ఏమో" అంటోంది. కంపెనీ బస్సు రోజూ ఐదున్నరకు మా పటాన్‌చెరు గల్లీ మొగదల ఆగి హారను కొడుతుంది. నేను లేచి కూర్చుంటాను. అది వెళ్లిపోతుంది.

ఈ నోటుబుక్కు కంపెనీది. షిఫ్టు దిగే ముందు లాగ్‌బుక్కు రాయడం అలవాటైన చెయ్యి, ఊరుకోవడం లేదు. ఇది ఎవరూ చూసేది కాదు.

ఎంక్వైరీలో చెప్పవలసింది ఒకసారి రాసి పెట్టుకుంటాను. అక్టోబరు 29, ఫస్ట్ షిఫ్టు. మూడో నంబరు పంపుకు స్టార్టరు మార్చాలి. నేను, జైపాల్ వెళ్లాం. జైపాల్ కాంట్రాక్టు ఎలక్ట్రీషియను, నా దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు. పై అంతస్తులో ప్యానెల్ రూములో మూడో నంబరు ఫ్యూజులు నేనే తీశాను. కిందికి దిగి స్టార్టరు దగ్గర, లైనులో కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. ల్యాంపు వెలగలేదు. "లైను లేదు, పని చేసుకో" అన్నాను. జైపాల్ వైర్ల మీద చెయ్యి పెట్టాడు. లైను ఉంది. ప్యానెల్‌కు రంగులు వేసినప్పుడు పెయింటరు మూడును నాలుగుగా, నాలుగును మూడుగా రాశాడని తర్వాత తేలింది. ఆసుపత్రిలో జైపాల్ కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు.

నంబరు తప్పు రాసింది నేను కాదు. నేను చూశాను. ల్యాంపు వెలగలేదు.

నవంబరు 5, మంగళవారం

సంగారెడ్డి నుంచి విత్తనాల దుకాణం లక్ష్మీకాంతం సేటు కారులో వచ్చాడు. వెనక సీట్లో దుప్పటి చుట్టిన రేడియో. వాళ్ల నాన్నది, వాల్వుల సెట్టు, చెక్క పెట్టె. ఫ్యాక్టరీలో చేరకముందు సంగారెడ్డిలో రేడియో షాపులో రెండేళ్లు పనిచేశానని ఆయనకు ఇంకా గుర్తుంది. నాకే సగం మరుపొచ్చింది.

"దశరథన్నా, మా నాయన పొయ్యి ఏడాది అయితుంది. 26న సంవత్సరీకం. ఆ దినం గీ రేడియో మోగాలె" అన్నాడు.

"ఇప్పుడు ఏమైతుంది?"

"ఏం కాలె. ప్లగ్గు పెట్టినం. పొగొచ్చింది."

"ఎన్నేండ్లకు పెట్టిన్రు?"

"పద్దెనిమిదేండ్లకు."

పద్దెనిమిదేళ్లు అటక మీద ఉన్న సెట్టును దుమ్ము కూడా తుడవకుండా నేరుగా కరెంటుకు పెట్టారు. పైగా "ఏం కాలె" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. సెట్టు ఉంచి వెళ్లమన్నాను. ఖాళీగా ఉండే కంటే నయం.

నవంబరు 6, బుధవారం

వాల్వు సెట్టులో ముందు చూడవలసింది పవర్ సప్లై. అది బాగుంటే మిగతావి తర్వాత. దాన్ని పరీక్షించడానికి నా దగ్గర ఏమీ లేదు. అన్నీ చేసుకోవాలి. మొదటిది సిరీస్ బోర్డు. కరెంటుకు, సెట్టుకు మధ్య ఒక బల్బు ఉంటుంది. సెట్టులో షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు మాత్రం కాలదు. ఇది ఎవరైనా అరగంటలో చేసే పని.

అరగంటలో అయ్యేది, బల్బు దొరికితే. పటాన్‌చెరులో ఐదు దుకాణాలు తిరిగాను. ఐదో చోట మాటలు:

"ఫిలమెంటు బల్బా? గవి ఎవలు కొంటున్నరు కాకా? ఎల్ఈడీ తీస్కో. రెండేండ్ల గ్యారంటీ."

"దాంతోని నా పని కాదు."

"ఎందుక్కాదు? వెలుగే గద కావాల్సింది."

"నాకు వెలుగు వద్దు."

ఆ షాపతను నన్ను కింది నుంచి మీదికి చూసి, "వెలుగు వద్దనుకుంటే బల్బెందుకు కాకా" అన్నాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. వచ్చేశాను.

నవంబరు 8, శుక్రవారం

ప్రహ్లాద్ సార్ ఫోను. ఆయన మా పర్సనెల్ మేనేజరు. మంచిగానే మాట్లాడాడు. "దశరథ్ గారూ, మీరు సీనియర్. మీ సర్వీసులో ఒక్క రిమార్కు లేదు. మీకు రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలే ఉంది. మీరు టెస్టు చెయ్యకముందే జైపాల్ తొందరపడి చెయ్యి పెట్టిండని ఒక్క కాగితం రాసిస్తే, ఒకటో తారీఖు నుంచి డ్యూటీకి రావొచ్చు."

ఆలోచిస్తానన్నాను.

జైపాల్ తొందర మనిషే. అది అందరికీ తెలుసు. టిఫిన్ డబ్బా మూత తీయకముందే తినడం మొదలుపెడతాడని క్యాంటీన్‌లో అంటారు.

జైపాల్ తప్పని తేలితే కాంట్రాక్టరు అతన్ని తీసేస్తాడు. చేతికి ఇంకో ఆపరేషను కావాలన్నారు, అది కూడా కంపెనీ చేయించదు. అది నేను చేసిన నిబంధన కాదు.

నవంబరు 9, శనివారం

బల్బు దొరికింది. కోళ్ల ఫారంలో. మా బామ్మర్ది మల్లన్న ఇస్నాపూర్ అవతల ఫారంలో పనిచేస్తాడు. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం నూరు వాట్ల ఫిలమెంటు బల్బులు వేలాడదీస్తారు. ఈ సంగతి నాకు మూడు రోజుల కిందటే తట్టవలసింది.

"బావా, చలి మొదలైంది. ఒక్క బల్బు తీస్తే పిల్లలన్ని ఒకదానిమీదొకటి ఎక్కి సస్తయ్. నీ రేడియో కోసం నా పిల్లలను సంపుమంటవా?"

"ఒక్కటే ఇయ్యి. గా స్టోర్ల పెట్టె నిండ ఉన్నయ్ గద, కనపడుతనే ఉన్నయ్."

"అవి కూడ లెక్కనే. అక్క మొఖం చూసి ఇస్తున్న. నీ మొఖం చూసి మాత్రం కాదు."

"మొఖం ఎవరిదైతేంది, బల్బు ఇయ్యి."

ఇచ్చాడు. ఆటో ఎక్కేదాకా వెనకే వచ్చి, సస్పెన్షన్ గురించి అడుగుదామని చూశాడు. మొగులమ్మ చెప్పి ఉంటుంది. నేను కోళ్ల దాణా గురించి అడిగాను.

నవంబరు 10, ఆదివారం

బోర్డు అయింది. పాత చెక్కపలక, ఒక హోల్డరు, ఒక సాకెట్టు, ఒక స్విచ్చు. సాకెట్టుకు ఇస్త్రీపెట్టె తగిలిస్తే బల్బు పూర్తిగా వెలిగింది. అంటే బోర్డు బాగుంది. మొగులమ్మ చూస్తూ నిలబడి, "ఇస్త్రీపెట్టె కాలలేదేంది మరి?" అంది. చెప్పాను. విన్నట్టే ఉంది.

రేడియోలో వాల్వులన్నీ పీకేసి బోర్డు మీద పెట్టాను. బల్బు కొంచెం ఎర్రబడి ఆగింది. ట్రాన్స్‌ఫార్మరు బతికే ఉంది. పొగ వచ్చింది కండెన్సర్ల నుంచి. వాసన చూస్తే తెలుస్తోంది.

అయితే నూరు వాట్లు ఈ సెట్టుకు ఎక్కువ. అరవై వాట్ల బల్బు ఉంటే భద్రం. మళ్లీ బల్బు వేట.

"నీ డ్యూటీ బ్యాగుల రెండు బల్బులున్నయ్ గద. హోల్డర్లతోని సహ" అంది మొగులమ్మ.

అది టెస్ట్ ల్యాంపు. మూడు ఫేజుల లైను మీద ఒక్క బల్బు పెడితే పేలిపోతుంది. అందుకని అరవై వాట్లవి రెండు వరుసగా కట్టి మా ఎలక్ట్రీషియన్లం అందరం చేసుకుంటాం. ఆ రోజు హడావుడిలో బ్యాగులో పడి ఇంటికి వచ్చింది. దాన్ని విప్పకూడదు. ఎంక్వైరీలో అడగవచ్చు.

"దాని జోలికి పోకు" అన్నాను.

"నేనెందుకు పోత? బల్బు బల్బని తిరిగేది నువ్వు."

నవంబరు 12, మంగళవారం

పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు లేదు. లైను పని అట. ఎలక్ట్రీషియను ఇంట్లో కూర్చుని కరెంటోళ్లను తిట్టుకోవడం.

నవంబరు 13, బుధవారం

కోఠీ వెళ్లి కండెన్సర్లు తెచ్చాను. బస్సులో పోవడం రెండు గంటలు, రావడం రెండున్నర. మీద 450 వోల్టులు అని అచ్చు ఉంది. నమ్మబుద్ధి కాలేదు. ఇంట్లో కండెన్సరు పరీక్షించడానికి ఒకటి తయారుచేశాను. పాత ఇన్వర్టరు పెట్టె ఖాళీ చేసి, అందులో డయోడ్లు, ఒక పెద్ద రెసిస్టరు, ఒక మీటరు. వోల్టేజీ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ పోతే కండెన్సరు ఎంత కరెంటు కారుస్తుందో మీటరు చూపిస్తుంది. మంచిదైతే ముల్లు లేచి మళ్లీ కిందికి వస్తుంది.

ముల్లు లేచింది. దిగలేదు. రెండు వందల యాభై దగ్గర డబ్బా వేడెక్కింది. కోసి చూశాను. పెద్ద డబ్బాలో చిటికెన వేలంత చిన్న కండెన్సరు, చుట్టూ కాగితం కూరి ఉంది. షాపుకు ఫోను చేస్తే "కోసినంక వాపస్ తీస్కోం" అన్నాడు. కోయకపోతే తెలిసేదెట్లా?

ఆ కోపంలో రెండో కండెన్సరు పీకబోయి రెండు కొసలూ పట్టుకున్నాను. ప్లగ్గు తీసేశాను కదా అనుకున్నాను. అందులో నిలవ ఉన్న వోల్టేజీ మోచెయ్యి దాకా కొట్టింది. నేను అరిచిన అరుపుకు వంటింట్లోంచి మొగులమ్మ ఉరికొచ్చింది.

"ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసంట!" అంది.

ఇక మీద ప్రతిసారీ కండెన్సరు కొసలకు జీరో బల్బు తగిలించి, అది వెలిగి ఆరాకే ముట్టుకోవాలని పెట్టె మూత మీద పెన్నుతో రాశాను.

నవంబరు 15, శుక్రవారం

బొల్లారం వెళ్లి జైపాల్‌ను చూసి వచ్చాను. అంతకుముందు వెళ్లలేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు జనం ఎక్కువ ఉంటారని.

కిరాయి గది. పౌర్ణమి కాబట్టి గడప దగ్గర దీపాలు పెడుతోంది అతని భార్య సునంద. "రా అన్నా" అంది. జైపాల్ మంచం మీద కూర్చుని ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. కుడిచెయ్యికి మణికట్టు పైదాకా కట్టు.

"ఏం జేస్తున్నవ్ అన్నా ఇంటికాడ?"

"ఒక వాల్వు రేడియో వచ్చింది. దాని పవర్ సప్లైకి టెస్టింగ్ బోర్డు, కండెన్సర్ టెస్టరు చేస్తున్న."

"మంచిగ టెస్టు చెయ్" అన్నాడు. అన్నం కలుపుతూనే అన్నాడు.

నేను పెయింటరు గురించి చెప్పాను. మూడు, నాలుగు తారుమారు రాసినవాణ్ణి అసలు ఎంక్వైరీకి పిలవాలని అన్నాను. జైపాల్ ఊకొట్టాడు. సునంద గడప దగ్గర నుంచే అంది: "పెయింటర్‌ను పిలుస్తరో, ఎవర్ని పిలుస్తరో నాకు తెల్వదన్నా. తప్పు ఈయన మీద పెడితే రెండో ఆపరేషను లేదంట. ఉన్న మూడు వేళ్లు కూడ వంగయంట. ప్రహ్లాద్ సారు మనిషి వచ్చి చెప్పి పొయ్యిండు."

"గట్ల కానియ్యరు" అన్నాను.

"ఎవలు కానియ్యరు?" అంది.

షేర్ ఆటోలో వచ్చాను. జైపాల్ "మంచిగ టెస్టు చెయ్" అని ఎందుకన్నాడు? ఊరికే అని ఉంటాడు. మాట్లాడ్డానికి ఏదో ఒకటి అనాలి కదా.

నవంబరు 16, శనివారం

లక్ష్మీకాంతం సేటు మూడు సార్లు ఫోను చేశాడు. మూడోసారి ఎత్తలేదు.

నవంబరు 18, సోమవారం

ప్రహ్లాద్ సార్ కాగితం పంపించాడు. టైపు చేసి ఉంది. డ్రైవరు తెచ్చి ఇచ్చి, నేను చదివేదాకా నిలబడ్డాడు. "నేను టెస్ట్ ల్యాంపుతో పరీక్షించుటకు పూర్వమే సదరు జైపాల్..." అని మొదలవుతుంది. కింద సంతకానికి గీత. 28న వచ్చేటప్పుడు తెమ్మన్నారట.

నవంబరు 19, మంగళవారం

సంతకం పెట్టాను. పెట్టినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు.

నవంబరు 20, బుధవారం

సోల్డరు వైరు కోసం బజారుకు వెళ్లి వచ్చేసరికి బోర్డు హోల్డరులో అరవై వాట్ల బల్బు ఉంది. సాకెట్టుకు ఇస్త్రీపెట్టె తగిలించి ఉంది. బల్బు నిండుగా వెలుగుతోంది. మొగులమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"పది దినాల నుంచి ఒక్క బల్బు, ఒక్క బల్బని సతాయిస్తున్నవ్. ఇగో, వెట్టిన. నీ బ్యాగుల దాంట్లెది."

"దాని జోలికి పోవద్దన్న గద!"

"కొరికి తిన్ననా? మొదలు పెట్టింది వెలగలె. అది పొయ్యింది. రెండోది మంచిగనే ఉన్నది. ఇగ నీ పని చేస్కో."

వెలగని బల్బు కిటికీలో పెట్టి ఉంది. తీసుకుని ఊపి చూశాను. లోపల తీగ తెగి గలగలమంటోంది. రెండు బల్బులు వరుసగా కడితే, ఒకటి పోతే రెండోదీ వెలగదు. ఎంత కరెంటు ఉన్నా వెలగదు.

ఆ రోజు బస్సులో బ్యాగు కింద పడింది. అప్పుడు తెగి ఉంటుంది. పడిందనే గుర్తు.

నవంబరు 21, గురువారం

బ్యాగు పడలేదు. ఒళ్లో పెట్టుకున్నాను.

నవంబరు 22, శుక్రవారం

ఒళ్లో ఉన్నా, ఆ రోడ్డు గుంతల్లో బస్సు ఎగిరెగిరి పడుతుంది. ఫిలమెంటు తెగడానికి అంత చాలు. ఎవరూ కాదనలేరు.

ఇవాళ లోడు పెట్టి చూశాను. వాల్వులు పెట్టే ముందు పవర్ సప్లై బరువు మోస్తుందా లేదా తెలియాలి. దానికి జీరో బల్బే సరిపోతుంది. పేరు జీరో గానీ పదిహేను వాట్లు లాగుతుంది. ఈ సెట్టు వాల్వులన్నీ కలిపి లాగేది కూడా సుమారు అంతే. రెక్టిఫైయర్ వాల్వు ఒక్కటి గుచ్చి, మళ్లీ కోఠీ వెళ్లి వేరే షాపులో తెచ్చిన మంచి కండెన్సర్లు వేసి, జీరో బల్బు తగిలించాను. వెలిగింది. రెండు వందల నలభై వోల్టులు. గంటసేపు దిగలేదు.

కొలతలు రాసుకోవడానికి, బొమ్మ గీయడానికి చేతికందిన కాగితం మీద రాశాను. అంతా అయ్యాక చూస్తే అది ప్రహ్లాద్ సార్ పంపిన కాగితం వెనక. డయోడ్లు, రెసిస్టరు, బాణం గుర్తులు, పెద్ద చమురు మరక కూడా. ఇంకో కాగితం పంపమని అడగాలి. రేపు అడుగుతాను.

నవంబరు 23, శనివారం

అడగలేదు.

నవంబరు 24, ఆదివారం

రేడియో పలికింది. ముందు సిరీస్ బోర్డు మీద అరవై వాట్లతో, తర్వాత నూరుతో, తర్వాత నేరుగా. గరగర, తర్వాత ఎవరో ఉత్తరాది భాషలో ధరలు చదువుతున్నారు. మొగులమ్మ వచ్చి, "గింతేనా? దీనికా ఇరవై దినాలు?" అంది.

నవంబరు 25, సోమవారం

లక్ష్మీకాంతం సేటు రేడియోకు వచ్చాడు. సెట్టు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"సౌండు జెర తక్కువనిపిస్తుంది గదన్నా? నాయన పెడితే దుకాణం అవతల దాక వినపడుతుండె."

"మీ నాయనకు వినపడకపోతుండె సేటూ. అందుకే సౌండు నాబు మొత్తం తిప్పుతుండె."

"అదీ నిజమే" అని నవ్వాడు. తర్వాత అడిగాడు: "ఇగ పొగ గిట్ల రాదు గద? రేపు ఇంటి నిండ జనం ఉంటరు. అన్ని చూసినవ్ గద?"

చూశాను అనబోయాను. సెట్టు మళ్లీ వెనక్కి తిప్పి, బోర్డు తెచ్చి, ముందు బోర్డుకు ఇస్త్రీపెట్టె తగిలించి బల్బు వెలగడం చూపించాను. తర్వాత రేడియో తగిలించి చూపించాను. మళ్లీ ఇస్త్రీపెట్టె పెట్టి చూపించాను. సేటు గడియారం చూసుకున్నాడు.

"నీ మాట చాలు గద అన్నా. గిదంత నాకెందుకు?"

"చూడాలె సేటూ. మొదలు బోర్డు మంచిగుందా లేదా చూడాలె. బోర్డే పాడైతే దాని మాట ఎట్ల నమ్ముతవ్?"

నేను ఇరవై తొమ్మిదేళ్లలో కొత్తగా వచ్చిన ప్రతి వాడికీ చెప్పిన మాట అది. లైను చూసే ముందు ల్యాంపును లైవ్ మీద, అంటే కరెంటు ఉందని తెలిసిన చోట, చూపించు. వెలగాలి. తర్వాత లైను చూడు. తర్వాత మళ్లీ లైవ్ మీద చూపించు.

ఆ రోజు నేను చూపించలేదు.

నవంబరు 26, మంగళవారం

నిన్న రాసింది మళ్లీ చదివాను. కొట్టేయలేదు.

లైవ్ పాయింటు పైన ప్యానెల్ రూములో. పంపేమో కింద, గుంతలో. నలభై రెండు మెట్లు. కిందికి దిగాక గుర్తొచ్చింది, ల్యాంపు పైన చూపించలేదని. మళ్లీ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు నొప్పి. ఏమవుతుందిలే అనుకున్నాను. బల్బు ఎప్పుడు తెగిందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఆ రోజు చూపించి ఉంటే తెలిసేది.

అంతే. ఇందులో పెయింటరు లేడు, బస్సు లేదు.

నవంబరు 27, బుధవారం

మొగులమ్మకు చెప్పాను. పొయ్యి మీద చారు తిప్పుతూ వింది. గరిటె ఆపలేదు.

"ఇంక పద్నాలుగు నెలలుండె గద" అంది చివరికి.

"ఉండె."

"గిది చెప్తే ఉండదు."

"ఉండదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? చెప్పేటోళ్లకు చెప్పు పో."

కోపంగానే అంది. నా తెల్ల చొక్కా మాత్రం ఉతికి ఆరేసింది.

నవంబరు 28, గురువారం

ఎంక్వైరీ కాన్ఫరెన్స్ రూములో. సంగారెడ్డి నుంచి వచ్చిన వకీలు మధ్యలో కూర్చున్నాడు. ఆయన అడుగుతాడు, పక్కన ఒకతను రాస్తాడు. కుడివైపు ప్రహ్లాద్ సార్. ఎదురుగా నేను. నా పక్క కుర్చీలో జైపాల్. మేమిద్దరం లోపలికి వచ్చేటప్పుడు తలలు ఊపుకున్నాం, అంతే.

"కాగితం తెచ్చిన్రా?" అని ప్రహ్లాద్ సార్ మెల్లగా అడిగాడు.

"ఖరాబైంది సార్."

వకీలు మొదలుపెట్టాడు. ఫ్యూజులు ఎవరు తీశారు, ఎన్ని గంటలకు. చెప్పాను.

"వర్కర్‌ను పనికి దింపే ముందు టెస్ట్ ల్యాంపుతో చూసిన్రా?"

"చూసిన సార్. వెలగలె. ఆ తర్వాతనే జైపాల్‌కు చెప్పిన. నేను చెప్పినంకనే ఆయన చెయ్యి పెట్టిండు. ముందుగాల పెట్టలె."

ప్రహ్లాద్ సార్ పెన్ను కింద పెట్టాడు.

"కాని సార్," అన్నాను, "ల్యాంపు మంచిగుందా లేదా నేను ముందు చూడలె. పైన లైవ్ మీద చూపించి దిగాలె. చూపించలె. కిందికి దిగినంక గుర్తొచ్చింది. మెట్లు ఎక్కనీకి బద్ధకమైంది. అండ్ల ఒక బల్బు పొయ్యింది. ఇంటికాడ తేలింది."

"దశరథ్ గారూ, అడిగినదానికే జవాబు చెప్పండి" అన్నాడు ప్రహ్లాద్ సార్.

"అడిగిందే చెప్తున్న సార్."

"ఆ ల్యాంపు కంపెనీ ఇచ్చిందా?" అన్నాడు ప్రహ్లాద్ సార్.

"లేదు సార్. నేనే చేసుకున్న. అందరం చేసుకుంటం. కంపెనీ మీటరు స్టోర్ల ఉంటది. స్టోరు తొమ్మిదింటికి గాని తెరవరు. ఫస్ట్ షిఫ్టు ఆరున్నరకు."

"సొంతంగా తయారుచేసిన పరికరం వాడిండు. రాసుకోండి" అన్నాడు ఆయన వకీలుతో.

"రాసుకోండి" అన్నాను నేను కూడా. వకీలు మా ఇద్దరినీ చూసి, పక్కనున్నతనితో మొత్తం రాయించాడు. స్టోరు సంగతి రాయవలసిన పని లేదని ప్రహ్లాద్ సార్ అన్నాడు. నోట్లోంచి వచ్చింది రాయక తప్పదని వకీలు అన్నాడు.

తర్వాత జైపాల్‌ను అడిగాడు.

"ఇతను చెప్పినదాంట్లో నువ్వు కాదనేది ఏమైనా ఉందా?"

"లేదు సార్. చూపించలేదని నాకప్పుడే ఎరుక. పక్కనే ఉన్న గద."



"మరి అప్పుడే ఎందుకు అడగలేదయ్యా?" అన్నాడు వకీలు.

"ఏమని అడగాలె సార్? గా పని నాకు నేర్పిందే అన్న. ల్యాంపు ముందు లైవ్ మీద చూపించకపోతే నా వీపు మీద కొట్టేటోడు. నేర్పినోన్ని పట్టుకుని, చూపించినవా లేదా అని ఎట్ల అడుగుత?"

నేను ఆగలేకపోయాను. "ఎరుకైతే నెల రోజుల నుంచి ఎవ్వరికీ చెప్పలేదేం జైపాల్? నేను ఇంటికొస్తే కూడ అనలేదు."

"నువ్వు చెప్తవా లేదా అని చూసిన."

నా వైపు తిరగకుండానే అన్నాడు.

వకీలు గొంతు సవరించుకున్నాడు. జైపాల్ మీద ఆరోపణ నిలవదని, రిపోర్టులో అలాగే రాస్తానని చెప్పాడు. వైద్యం సంగతి కంపెనీ చూసుకోవలసిందే అన్నాడు. ప్రహ్లాద్ సార్ తల ఊపాడు. నన్ను చూసి, "మీ లెటర్ పోస్టులో వస్తది" అన్నాడు. గారు అనలేదు.

వాంగ్మూలాల కింద సంతకాలు. నేను పెట్టేశాను. జైపాల్ ముందు కాగితం పెట్టారు. అతను పెన్ను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. మొదటి అక్షరానికే కాగితం పక్కకు జరిగింది. సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ జరిగింది. అందరం చూస్తున్నాం. నేను వంగి కాగితం మూలను వేలితో అదిమి పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యన్నా" అన్నాడు.

తీశాను. జైపాల్ కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లోంచి ఎత్తి కాగితం మీద బరువుగా పెట్టాడు. పళ్లు బిగించాడు. కాగితం ఈసారి జరగలేదు. ఒక్కో అక్షరం రాసుకుంటూ, పేరు మొత్తం రాశాడు.